కుడి పక్క

శుక్రవారం. కియాపో చర్చి జనం
వీధంతా పొర్లి నా కొట్టు గడప దాకా వచ్చారు.
కొవ్వొత్తుల వాసన వాళ్లది,
టంకం పొగ నాది.

రావోన్ వీధిలో ముప్పై ఏళ్లుగా
తెగిన వైర్లు అతుకుతున్నాను.
పాటంటే చెవి కోసుకునేవాళ్లు చాలామందే వస్తారు.
చెవి కొలత అడిగేవాళ్లు తక్కువ.

మెర్లిండా గొడుగు దులిపి స్టూలు లాక్కుంది.
"స్టేజీ మీద చెవుల్లో పెట్టుకునేవి చూపించు దాదో.
కాళ్ల దగ్గర స్పీకర్లు ఇంక వద్దంటోంది హోటలు.
నా గొంతు నాకు వినపడాలి, అంతే."

అంతే అన్నవాళ్లే
షట్టరు దించేదాకా లేవరు.

ట్రేలో నాలుగు జతలు పరిచాను.
తీగ చెవి వెనక నుంచి తిప్పి, కాస్త మెలిపెట్టి,
తాళంలో తాళంచెవిలా, అని చూపించాను.
ఆమె ఫోన్లో పాత రిహార్సల్ ఒకటుంది.
రెండో చరణానికి ముందు
డ్రమ్ముల నోనోయ్ గొంతు సవరించుకుంటాడు.
పాట కోసం కాదు, ఆ దగ్గు కోసం వింటుందామె.

మొదటి జత:
"బాసు బాగుంది. మరీ బాగుంది.
తడిసిన పరుపు కింద పడుకుని పాడుతున్నట్టుంది.
నోనోయ్ దగ్గాడో లేదో తెలీలేదు."

రెండోది:
"అమ్మో! 'స' వచ్చినప్పుడల్లా సూది."
తీసేసి చెవి రుద్దుకుంది.

మూడోది నీలం రెసిన్, లోపలి యంత్రమంతా కనపడేది.
కళ్లు మూసుకుంది.
"నా మోచేతి దగ్గరే ఉన్నాడు దాదో,
పొద్దున తిన్న ఎండుచేప వాసన కూడా వస్తోంది!"
నవ్వింది. దవడ కదిలింది.
జత సడలింది,
ఆ సందులోంచి బాసంతా కారిపోయింది.
నవ్వితే నిలవనిది పాడితే నిలుస్తుందా?

రబ్బరు టోపీలు మార్చాను. చిన్నవి, నడిమివి,
నలిపి దూర్చే నురుగువి.
చివరికి ఎడమకి నడిమిది, కుడికి చిన్నది.
"ఒకే తలకి రెండు సైజులా?"
"ఒక తల్లి బిడ్డలకి చెప్పులు ఒకటే సైజా?"

నాలుగో జత నిలిచింది.
తల ఊపింది. ఉత్తినే నమిలింది.
లేని మైకు పట్టుకుని నోరంతా తెరిచింది.
కదల్లేదు.
జీప్నీ హారన్లు, లాటరీ కేకలు, గంటలు,
ఆమె ముఖంలోంచి ఒక్కొక్కటీ వెళ్లిపోవడం చూశాను.
శబ్దం సగం పెంచితేనే చాలంది.

తర్వాత అంది:
"దీనికీ కుడి పక్క తక్కువే.
నాలుగిటికీ తక్కువే. నీ సరుకంతా ఇంతేనా?"

నేనేమీ అనలేదు.
రెండు వైర్లూ పీకి
ఎడమది కుడికి, కుడిది ఎడమకి తగిలించాను.
"ఇప్పుడు?"

చాలాసేపు విన్నది.
"ఇప్పుడూ కుడే."

అని, తన మాట తనే మళ్లీ విన్నట్టు
స్టూలు మీద కొంచెం పక్కకి తిరిగింది.
"వాడెప్పుడూ నా కుడి పక్కనే కూర్చునేవాడు," అంది.
"ఇరవై రెండేళ్లు. ఆ ఇత్తడి పళ్లేలు
గూబ గుయ్యిమనేలా కొట్టేవాడు.
మెల్లగా కొట్టరా అంటే
ఏంటీ, ఏంటీ అనేవాడు."

ఇప్పుడు వాడెక్కడున్నాడని అడగలేదు.
ధర అడిగింది. మూడొందల పెసోలు తగ్గించాను,
ఇంకో వంద తగ్గించుకుంది.

వైర్లు సరిచేయబోతుంటే చెయ్యి అడ్డుపెట్టింది.
"వద్దు, అలాగే ఉండనీ.
దగ్గు ఇప్పుడు ఎడమ వైపు వస్తోంది."

ఆమె వెళ్లాక షట్టరు సగం దించి
ఆ నీలం జత నేను పెట్టుకున్నాను.
ముందు ఎడమ. తర్వాత కుడి.
వేల చెవులు చూశాను గానీ
నావి రెండూ ఎప్పుడూ పోల్చుకోలేదు.

రేకు మీద వాన గట్టిగా పడుతోంది.
సరిగ్గా తెలీలేదు.