వందేళ్ల హామీ

మొదట అది బంగాళదుంపల గోదాం.
ఇంగ్లండు తూర్పున, సముద్రం కన్నా పల్లంగా పడుకున్న నేలలో.
నల్లమట్టి వాసన ఆ గోడల్లోంచి చివరిదాకా పోనేలేదు.
ఎనభై నాలుగులో ఐవర్ పెన్‌హాలో దాన్ని అద్దెకు తీసుకుని
తెల్లసున్నం కొట్టించి, గాలిని వడగట్టే యంత్రాలు దింపించి
"ఇక దుమ్ము కూడా తలుపు తట్టి రావాలి" అన్నాడు.
మేం పదకొండుమందిమి. నేను పదోదాన్ని.
అంతకుముందు బఠాణీల ఫ్యాక్టరీలో డబ్బాలకు మూతలు వేసేదాన్ని.

అన్నం పళ్లెమంత గాజుబిళ్ల,
దాని మీద కంటికి ఆనని లోహపు పూత.
లేజరు తాకినచోట చిన్న పొక్కు లేస్తుంది.
అంతే, అదే అక్షరం.
ఒకసారి పడితే ఇక చెరపడం ఉండదు.
నుదుటి రాత లాంటిదే,
కాకపోతే దీన్ని చదవొచ్చు.

హామీ పత్రం మీద వందేళ్లు అని అచ్చు వేయించాం.
ఎవరు చూసొచ్చారు, అన్నాను.
క్రిస్పిన్ అని ఫిజిక్స్ చదివిన పిల్లాడు, మెడ మీద మొటిమలు,
డిస్కుల్ని తడివేడిలో మూడు నెలలు మగ్గబెట్టి
గ్రాఫు మీద గీత గీశాడు. కాగితం అయిపోయింది.
గీత ఆపలేదు, గోడ మీదికి ఎక్కించాడు,
కిటికీ చట్రం దాకా.
వందో ఏడు సరిగ్గా గడియ దగ్గర వచ్చింది.

రోటర్‌డాం బ్యాంకు కొంది. లీడ్స్ ఆసుపత్రి కొంది.
నార్వే వాళ్లు సముద్రం అడుగును కొలిచి మా దగ్గర దాచుకున్నారు.
బీరువాల్లాంటి యంత్రాలు చేశాం, లోపల ఒక మరచెయ్యి
అడిగిన డిస్కును వెతికి తెచ్చి ఇచ్చేది,
రాత్రిళ్లు ఎవరూ అడక్కపోయినా ఒక్కోసారి కదిలేది.
ఒక క్రిస్మస్‌కి ఐవర్ అందరికీ బాతు పంచాడు.
ఆ తర్వాత పంచలేదు.

కంపెనీ పేరు రెండుసార్లు మారింది.
బోర్డు మార్చినవాడు రెండుసార్లూ ఒకడే,
రెండోసారి పాతదాన్ని విప్పకుండా దాని మీదే బిగించాడు.
హార్డ్‌డిస్కులు చవకయ్యాయి, ఇంకా చవకయ్యాయి.
రెండు వేల ఏడు నవంబరులో క్యాంటీన్లో నిలబడి
కాగితం చూడకుండా మాట్లాడదామనుకున్నాడు ఐవర్,
రెండో మాటకే జేబులోంచి తీశాడు.
ఇరవై మూడేళ్లు.
గీత ఇంకా కిటికీలో సగం కూడా రాలేదు.

వేలంలో ఒక డ్రైవు నలభై పౌన్లకు కొన్నాను.
ఎందుకని మా ఆయన అడిగాడు. నాకూ తెలీదు.
గ్యారేజీలో దుప్పటి కప్పి పెట్టాను.

పోయిన మార్చిలో ఫోను. లీడ్స్ నుంచి.
ఎవరో అమ్మాయి, గొంతులో మొహమాటం:
డిస్కు ఉందండీ, చదివేదే ఎక్కడా దొరకట్లేదు.
తుంటి ఎముక ఆపరేషను, చిన్నప్పటి ఎక్స్‌రే కావాలట.
తనే పట్టుకొచ్చింది, రైల్లో ఒళ్లో పెట్టుకుని.
బెల్టు కరిగి జిగురైపోయింది,
చీపురు యంత్రం నుంచి ఒకటి ఊడదీసి తగిలించాను.
మూడుసార్లు ఏడ్చి నాలుగోసారి తిరిగింది.
తెర మీద తొంభై ఒకటి నాటి చిన్న ఎముక,
పైనుంచి కిందికి, వరసవరసగా.
"నాదే," అంది ఆమె.
అప్పటిదాకా అది ఎవరో పేషెంటుదనుకున్నాను.
టీ పెట్టడానికి లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు నేను.

నా దగ్గర మిగిలింది ఒకే డిస్కు, పనికిరానిది.
మొదటి వారం, గ్లౌజు తొడుక్కోవడం మరిచి
ఉత్త గాజును పట్టుకున్నాను. ఎవరూ చూడలేదు, పూత ఎక్కేసింది.
ఐవర్ వెలుతురుకెత్తి చూసి తిట్టలేదు,
ఇంటికి పట్టుకుపో, అన్నాడు.
స్ట్రాబెర్రీ పాదుల మీద పిట్టల కోసం వేలాడదీశాను.
మూడు రోజులు భయపడ్డాయి.
ఇప్పుడు నల్లపిట్ట ఒకటి దారమ్మీదే కూర్చుంటుంది,
దాని బరువుకు బిళ్ల మెల్లగా తిరిగి
ఎండ ఏటవాలుగా పడినప్పుడు
లోహం కింద నా బొటనవేలు,
ఇరవై తొమ్మిదేళ్ల వయసుది,
బఠాణీ డబ్బా కోసిన గాటుతో సహా.