ఆచంద్రతారార్కం, ఆరో నంబరు మెషీను పక్కన

హల్ పట్నంలో, హెసిల్ రోడ్డు లాండ్రీలో
రాత్రి తొమ్మిదికి షట్టరు సగం దించి
ఒప్పందం చదవడం మొదలుపెట్టాం.
డొరీన్ కళ్ళజోడు తుడుచుకుంది.
ఎవరివో వెచ్చటి దుప్పట్లు మడతపెడుతూ
నేను ఒక్కో వాక్యం మడత విప్పుతున్నాను.

పదిహేడు పేజీలు. మా బాణీలు మూడు.
కలిపితే పదకొండు నిమిషాల కాన్సర్టీనా,
దాని కింద నా కంజీర,
దాని కింద తడిబట్టల గిరగిర.

'ప్రాంతం' అన్నచోట 'విశ్వమంతా' అని ఉంది.
"చంద్రుడి మీద కూడానా?" అంది.
శనిగ్రహంలో ఎవరైనా విన్నా
మన వాటా మనకొస్తుంది, వాళ్ళది పోగా, అన్నాను.

'కాలం' అన్నచోటికొచ్చేసరికి నాకు నవ్వొచ్చింది.
ఒకప్పుడు నేను శాసనాలు చదివినదాన్ని.
తడి కాగితం రాతికి అద్ది, బ్రష్షుతో కొట్టి, సిరా పూసి
అరిగిన అక్షరాల్ని బయటికి పిలిచినదాన్ని.
ఆ రాళ్ళ మీదా ఇదే మాట: ఆచంద్రతారార్కం.
కాకపోతే అక్కడ ఇచ్చేవాడు రాజు,
ఇక్కడ ఇచ్చేది మేము.
రాతి చివర ఒక శాపం ఉండేది,
ఇచ్చిందాన్ని లాక్కున్నవాడు
అరవైవేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడని.
ఇందులో వెతికాను. ఉంది, పద్నాలుగో క్లాజులో,
మా మీదే:
ఎవరు దావా వేసినా ఖర్చులు మావి.

'ఎక్స్‌క్లూజివ్' అంటే గుత్త అని చెప్పాను.
చెరువు గుత్తకిచ్చాక
మన గట్టు మీద మనమే కూర్చుని గాలం వెయ్యకూడదు.
ఇరవై ఏళ్ళు కాడ్ చేపలు కోసిన చేతులు ఆమెవి,
వెంటనే అర్థమైంది.
'అడ్వాన్సు' అంటే నాగుకు తెచ్చుకున్న గింజలు,
కల్లంలోనే కొలుచుకుపోతారు,
ఇంటికొచ్చేది తాలు.
"అయితే వద్దు" అంది.
వాటాని మావైపు పాలు అంటాం,
టీలో పోసుకునేదాన్నీ అదే మాట అంటాం అన్నాను.
పాల డబ్బా తలకిందులు చేసి చూపించింది.
ఒక్క చుక్క
అంచున వేలాడి, పడకుండా ఉండిపోయింది.

చివరి గళ్ళలో ఎవరిదెంతో నింపాలి. మొత్తం వంద కావాలి.
మొదటిదానికి యాభై, యాభై.
రెండోదానికీ అంతే.
మూడోదాంట్లో ఈల ఉంది. క్లిఫ్‌ది.
పాత ఆన్సరింగ్ మెషీను టేపు మీద,
డాక్ నుంచి ఫోను చేసి, పెట్టెయ్యడం మరిచి,
ఎవరూ వినట్లేదనుకుని వేసిన పంతొమ్మిది సెకన్లు.
ఆ ఈల మీదే కదా మేం బాణీ కట్టింది.

పేరు రాస్తే ఈమెయిల్ అడిగింది.
సున్నా వేస్తే గడి ఎర్రబడింది.
ఒకటి వేస్తే మొత్తం నూటొక్కటైంది.
"నాలోంచి ఇరవై తీసి అతనికి వెయ్యి" అంది డొరీన్.
బ్యాంకు ఖాతా అడుగుతోంది, అన్నాను.
ఆరో నంబరు మెషీను ఆఖరి చుట్టు తిరిగి ఆగింది.
ఇద్దరం దానివైపే చూశాం,
అందులో బట్టలెవరివో ఎవరికీ గుర్తులేదు.

మూడోది పంపలేదు.
మిగతా రెండింటికీ టిక్కు పెట్టాం.
ఏ మాటా కొట్టేసే వీల్లేని కాగితం అది,
కాగితం కూడా కాదు.
ముప్పై రోజుల నోటీసిస్తే బయటపడొచ్చని
పదకొండో పేజీలో, చిన్న అక్షరాల్లో దొరికింది.
ఆ పేజీ నంబరు షట్టరు లోపలివైపు సుద్దతో రాసుకున్నాను.

మూడు నెలలకి లెక్క వచ్చింది: నలభై ఒక్క పెన్నీలు.
పది పౌండ్లు నిండేదాకా చేతికివ్వరు.
"డ్రయ్యరు పన్నెండు నిమిషాలు" అంది డొరీన్,
తన లెక్క తనది.

ఇప్పటికీ మంగళవారాలు షట్టరు దించాక
ఆరో నంబరుని ఖాళీగా తిప్పి
ఆ ఈల పెడతాం.
ప్రాంతం: ఈ గది.
కాలం: టేపు అరిగేదాకా.

మొన్న అది నడుస్తుండగా
షట్టరు కింద సందులో
బురద ఫుట్‌బాల్ బూట్లు రెండు వచ్చి నిలబడ్డాయి,
ఇంకా తెరిచే ఉందా అని.