రబ్బరు గింజలు

మూడు, సున్నా.
వ్యాను ఎక్కాక ఆ అంకె ఎవరూ పలకలేదు.
తడి కండువాలు హీటరు ముందు ఆవిరి కక్కుతుంటే
గేరు మార్చి బండిని ఉత్తరానికి తిప్పాను.
నూట పది మైళ్లు. నల్లటి కొండలు, అడ్డంగా కొట్టే జల్లు,
వెనక పదకొండు మంది.
మైదానంలో కూడా మనవాళ్లు పదకొండు మందేనట,
నేను లెక్కపెడితే ఏడుగురే తేలారు.

మొదట పేలింది టోర్క్విల్.
"అది మైదానమా? పింఛను ఆఫీసులో పరిచే తివాచీ!
బంతి కిందపడితే చాలు, దెబ్బతిన్న కుందేలులా ఎగురుతుంది.
మనవాళ్లు బురదలో పుట్టారు, బురదలో పెరిగారు."

"అవతలి వాళ్లూ దానిమీదే ఆడారు"
చిప్స్ పొట్లం మడుస్తూ ఐల్సా.

"వాళ్లకి రోజూ అదే. అలవాటు."

"మన డిఫెన్సుకి అలవాటు లేనిది పరుగు."

అద్దంలో వాళ్ల మొహాలు చూస్తూ అనుకున్నాను:
ఆడలేనివాడి మద్దెలని
ఈ దేశంలో పచ్చ ప్లాస్టిక్‌తో చేస్తారు.

అయినా ఆ కుర్రాడి మోకాలు నేనూ చూశాను.
ఇరవయ్యో నిమిషంలో జారి అడ్డుపడ్డాడు,
లేచేసరికి అరచేతి మేర తోలు లేదు.
మిగతా ఆటంతా ఆ కాలిని
పక్కింటివాళ్ల వస్తువులా జాగ్రత్తగా మోసుకు తిరిగాడు.
పొట్టి మేకుల బూట్లు తెచ్చుకోమని కోచ్ ముందే చెప్పాడట.
ఇద్దరు మరిచిపోయారట.
ఆ ఇద్దరెవరన్న దానిమీద పదహారు మైళ్లు గడిచాయి.

లాక్లన్ నోటుబుక్కు తీశాడు.
బ్యాంకులో ముప్పై ఏళ్లు చేసినవాడు, అంకె తప్పడు.
"ప్లాస్టిక్ మీద పదకొండు ప్రయాణాలు, ఒక గెలుపు.
పచ్చిక మీద పదకొండు ప్రయాణాలు, రెండు గెలుపులు."
కాసేపు వైపర్ల చప్పుడే.
"చూశారా," అన్నాడు టోర్క్విల్,
"పచ్చిక మీద రెట్టింపు బాగున్నాం!"

నవ్వులు ఆగేదాకా ఆగి ఐల్సా అంది:
"నవంబరు నుంచి మార్చి దాకా మన పచ్చిక పచ్చిక కాదు, ఊబి.
మా మెయిరీ ఈ ఏడు దానిమీద ఆరంటే ఆరుసార్లు ఆడింది.
పక్క ఊరి పిల్లలు మంగళవారం రాత్రి కూడా
దీపాల కింద బంతి తంతున్నారు.
గురువారం ఓటింగులో నా చెయ్యి ఎటు లేస్తుందో
మీరు అడగొద్దు, నేను చెప్పను."

చెప్పేసింది కదా.
అందరి చూపులూ ముందు సీటు మీదికి మళ్లాయి.

నా పక్కన మర్డో.
ఇరవై తొమ్మిదేళ్లుగా మా మైదానం గడ్డి కోసేవాడు,
మంచు పడే రాత్రి దానికి దుప్పట్లు కప్పేవాడు.
అరవై మైళ్లుగా ఒక్క మాట లేదు.

పెట్రోలు బంకు దగ్గర దిగి
బూట్లు విప్పి చక్రానికేసి కొట్టాడు.
నల్ల గింజలు రాలాయి, గసగసాల్లా.
ఒకటి గోటితో తీసి అరచేతిలో పెట్టుకుని
దీపం కింద చాలాసేపు చూశాడు.
"ఇది చావదు" అన్నాడు. "అదే దీంతో చిక్కు.
చావని దాన్ని నేనేం చూసుకోను?"

ఎవరూ జవాబివ్వలేదు.
బూటు లేసు కట్టుకుంటూ తనే అన్నాడు:
"మూడో గోలు మాత్రం మైదానం తప్పు కాదు.
గోలీ నిద్రపోయాడు."

అంతే, వ్యాను మళ్లీ బతికింది.
గోలీ నిద్రపోయాడా, సూర్యుడు కంట్లో పడ్డాడా,
ఆ జల్లులో సూర్యుడెక్కడివాడు,
ఊరి దీపాలు కనిపించేదాకా అదే రగడ.

అందరినీ దించాక చివర మర్డో మిగిలాడు.
ఇంటి దగ్గర వద్దు, మైదానం గేటు దగ్గర ఆపమన్నాడు.
టార్చిలైటు వెలుగు దుప్పట్ల అంచు వెంబడి వంగి వంగి నడిచింది.

ఇవాళ బుధవారం. వ్యాను ఊడుస్తున్నాను.
సీట్ల కింద, రగ్గు పోగుల్లో, చివరికి నా సాక్సులో
రబ్బరు గింజలు.
చీపురు వేస్తే పక్కకి దొర్లి
నేను వెనుదిరగ్గానే మళ్లీ వస్తున్నాయి.
రేపు ఏ చెయ్యి ఎత్తాలో
ఇంకా తేల్చుకోలేదు.