ఫుట్‌బోర్డు మీద మడిమ

పొద్దుగాల నాలుగున్నరకు
మంచం దిగే మొదటి అడుగుంటదే,
అదే నాకు పరీక్ష.
మడిమ కింద ఎవరో రాత్రంతా కూసొని
చిన్న మొలకు సాన పట్టినట్టు.
గోడ పట్టుకొని రెండు,
స్టవ్వు దాక మూడు, నాలుగు...
చాయ పొంగేసరికి అది సగం మెత్తబడుతది,
నేను సగం.

డ్యూటీ ఐదు నలభైకి.
దేవరకొండ డిపో, నల్లగొండ పల్లెవెలుగు.
ఇరవై రెండేండ్ల నిలబడుడు
మడిమల జమైంది
వడ్డీతో సహా.

డాక్టర్ సాబ్ ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి
"పెద్ద సంగతేం కాదమ్మా, రెస్టు తీస్కో" అన్నడు.
రెస్టు.
ఆ పేరుతోని మా రూట్ల స్టేజీ లేదు.

చిన్న నొప్పే, నేనూ ఒప్పుకుంట.
చెప్పుల పడ్డ ఇసుక రవ్వంత.
ఆ రవ్వ మీద
రోజుకు నాలుగు ట్రిప్పులు తిరిగి చూడుండ్రి.

మందులు స్టేజీకొకరు చెప్తరు.
గుర్రంపోడు కాడ ఎక్కే బుచ్చవ్వ
"ఇటుక కాల్చు, జిల్లేడాకు పరువు,
మీద మడిమ ఆనియ్యి బిడ్డా" అన్నది.
ఆనిచ్చిన. హాయిగనే ఉండె,
ఆకు ఎండి ఇటుక తగిలేదాక.
కనగల్ సారు అప్పడాల కర్ర మీద పాదం దొర్లియ్యమన్నడు.
ఆ కర్ర మళ్ల వంటింట్లకు రానియ్యలే మా అత్త.
డ్రైవర్ బాలనర్సిమ్మ పాదం కింద పెట్టుకొమ్మని
గడ్డకట్టిన నీళ్ల సీసా తెచ్చిచ్చిండు.
మల్లేపల్లి దాటేసరికి
ఎవరో తాగేసిండ్రు.

పెద్ద దవాఖానల
కసరత్తు చెప్పే పిల్ల ఫర్హానా
నా బొటనవేలు వెనక్కి గుంజి పట్టి
"ఆంటీ, నీకు రోజూ ఒక మెట్టు కావాలె, గంతే" అన్నది.
మెట్టా!
నా బతుకే మెట్టు మీద.

అప్పటి సంది
బస్సు ఆగిన కాడ, జనం ఎక్కుడు అయినంక
ఫుట్‌బోర్డు అంచుకు మునివేళ్లు ఆనిచ్చి
మడిమలు గాలిల వదుల్త.
రెండు చేతులా రాడ్డు. మెల్లగ కిందికి.
పిక్కల పాత తాడేదో కిర్రుమంటది.
పది లెక్కపెడ్త.
ఎనిమిది కాడ బాలనర్సిమ్మ
అద్దంల చూసి హారన్ కొడ్తడు.

మొదటి దినం వెనక సీట్లు నవ్వినయి.
మూడో దినం బుచ్చవ్వ దిగబోతూ
పక్క రాడ్డు పట్టుకొని నా లెక్కనే నిలబడ్డది.
పగుళ్ల నిండ పత్తిచేను మట్టి.
"గిది దేనికే?"
"కాలు గుంజనీకి అవ్వా."
"నాది డెబ్బై ఏండ్ల సంది గుంజుతనే ఉన్నది,
ఇంకేం గుంజుతది" అన్నది గని
పది దాక దిగలే.

ఒకటి మాత్రం తెలుసుకున్న.
జర మెల్లగ అనే నొప్పి వేరు,
ఆపు అనే నొప్పి వేరు.
ఒకటి చిల్లర కోసం గునిసే ప్యాసింజరు,
ముచ్చట చెప్పుకుంట ఊరు చేర్చొచ్చు.
ఇంకోటి సింగిల్ బెల్లు.
ఎక్కడున్నా ఆగాలె.
దసరా రష్షుల అది మోగితే ఇననట్టు చేసిన.
వారం రోజులు మంచమెక్కిన.
మడిమ నిమ్మళమైంది,
నడుము పట్టింది.
పని లేకుంటే ఒళ్లు
కొత్త తగాదా ఎతుక్కుంటది.

చందంపేట బళ్లె ఖోఖో ఆడినదాన్ని.
వీపు మీద చెయ్యి పడి ఖో అంటే
కాలు నన్ను అడగకుండనే లేచేది.
ఇప్పుడు అడుగుతది.
కొంచెం బేరం, కొంచెం బుజ్జగింపు,
అటెన్క ఇద్దరం లేస్తం.

ఐదు నలభై.
మిషన్ల కొత్త కాయితం చుట్ట.
ఎడమ కాలు ముందు పెట్టి ఎక్కుత.
కుడిది ఒక్క గడియ
కిందనే నిలబడి ఆలోచిస్తది,
అదీ వస్తది.

రైట్, రైట్.