మూడో కొలకర్ర దగ్గర వంపు

మాలకీ ఇనుప కడ్డీని నేలలోకి దించాడు.
ఒక మీటరు. రెండు. దానికి ఇంకో కడ్డీ తగిలించాడు.
నాలుగున్నర దగ్గర అడుగున బంకమన్ను తగిలింది.
"ఇక్కడ దిగితే నీ టోపీ ఒక్కటే మిగులుతుంది" అన్నాడు.
నాలుగున్నర అని రాసుకున్నాను, తడిసిన కాగితం మీద.

ముప్పై ఏళ్లు పీట్ కంపెనీ యంత్రం తోలినవాణ్ణి నేను.
వేసవి పొడుగునా ఈ నేలను పొరలు పొరలుగా గీకి
ఎండబెట్టి, చిన్నరైలు పెట్టెలకెత్తి
కరెంటు కొలిమికి పంపాను.
ఆ జీతంతోనే ఇద్దరు పిల్లల పళ్లకు తీగలు కట్టించాను.
సిగ్గుపడమంటే పడను, చలికి సిగ్గు తెలీదు.
తర్వాత కంపెనీ మూసేశారు. పట్టాలు పీకేశారు.
ఇప్పుడు అదే నేల మీద, అవే చేతులతో
పలకలు పరుస్తున్నాను,
జనం దాన్ని తొక్కకుండా చూసి వెళ్లాలని.

ఇల్లు అలకగానే పండగ కాదంటారే,
పలక వేయగానే దారీ కాదు.
ముందు పాత కాలవలకు అడ్డుకట్టలు.
నీళ్లు మళ్లీ నిలవాలి. నిలిస్తే నాచు వస్తుంది,
ఏడాదికి ఒక్క మిల్లీమీటరు.
ఆ మాట డెర్వ్‌లా చెప్పింది, మోకాళ్ల మీద కూర్చుని,
ఈగను పట్టుకున్న బుల్లి ఎర్ర మొక్కను చూపిస్తూ.
నేను ఒక్క వేసవిలో గీకింది ఎన్నేళ్ల నాచో
వేళ్ల మీద లెక్కేసి
మధ్యలో చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

దారి అట్రాక్టా గేటు దగ్గర ఆగింది.
ఎనభై ఒక్క ఏళ్లు. చేతిలో గొర్రెల బకెట్టు.
"కుక్కలొస్తాయి. మీవాళ్లు గేటు మూయరు.
ఎవడో కాలు విరగ్గొట్టుకుంటే
వకీలు వచ్చేది నా గుమ్మంలోకి."
మూడుసార్లు వెళ్లాం.
మూడుసార్లూ టీ ఇచ్చింది, మాట ఇవ్వలేదు.
నాలుగోసారి తనే వచ్చింది.
మా మ్యాపును తన వైపు తిప్పుకుని గోటితో గీత గీసింది.
"మీరు తిన్నగా పోతున్నారు.
ఇక్కడ తిన్నగా పోయి తిరిగొచ్చినవాళ్లు లేరు.
పీట్ కోసేవాళ్లకు మా అమ్మ టీ క్యాను మోసిన దారి ఇదీ.
ఊదాపూల పొద ఉన్నచోట కాలు వెయ్యి.
పచ్చగా, మెత్తగా పిలిచేచోట వెయ్యకు."

ఏప్రిల్లో ఆ గీతకూ వంపు పడింది.
మూడో కొలకర్ర దగ్గర, గడ్డి దుబ్బులో, నాలుగు గుడ్లు,
సన్నటి కొసలన్నీ లోపలికి పెట్టుకుని
గుసగుసలాడుతున్నట్టు.
వంకరముక్కు కర్ల్యూ మా నెత్తి మీద తిరిగి తిరిగి అరిచింది.
మేకులు సంచిలో వేసుకుని
ఒకరి అడుగులో ఒకరం వెనక్కి నడిచాం.
కౌన్సిలు నుంచి ఫోను: గ్రాంటు గడువు జూన్ ముప్పై.
"ఆ సంగతి గుడ్లతో చెప్పండి" అని పెట్టేశాడు మాలకీ.

గడువు దాటింది. సగం డబ్బే వచ్చింది.
మూడు గుడ్లు నక్క తినేసింది.
ఒక్క పిల్ల, పొడుగు కాళ్లతో, మా కట్టెల గుట్ట ముందే
దర్జాగా దాటిపోయింది.
వంపుకు అరవై పలకలు ఎక్కువ పట్టాయి,
అవి పాత రైలు వంతెన నుంచి తెచ్చాం,
ఎవరినీ గట్టిగా అడగలేదు.

ఇప్పుడు ఆదివారాలు జనం వస్తున్నారు.
చక్రాల కుర్చీలో ఒకాయన వచ్చి
తెల్లదూది గడ్డి మధ్య గంటసేపు ఊరికే ఉండిపోయాడు.
ఈ వంపు దేనికి, దండగ కదా అంటారు కొందరు.
అవునంటాను.

నిన్న సాయంత్రం అట్రాక్టా వచ్చింది.
పలక మీద నాలుగడుగులు వేసి, టక్ టక్,
"ఇంత చప్పుడేమిటయ్యా" అని పక్కకు దిగిపోయింది.
దిగరాదని బోర్డు రాసింది నేనే.
పలక మీద నేను, పక్కన నేల మీద ఆమె,
నాలుగున్నర మీటర్ల లోతు పైన
పొద నుంచి పొదకు.
వదిలిన ప్రతి అడుగులో నీళ్లు ఊరాయి.
వెనక్కి తిరిగి చూస్తే
నాచు మెల్లగా పైకి లేచి
ఒక్కొక్క అడుగునే పూడ్చుకుంటోంది.