ఏడు ఐదు సున్నా

బంగారుపాళెం దాటినాక ఎడమ పక్క
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. రాత్రి పదకొండున్నర.
సర్వర్ గదిలో ఏసీ నీళ్లు బకెట్లోకి చుక్క చుక్క.
బయట తోతాపురి లోడుతో ట్రాక్టర్లు
రోడ్డు మలుపు దాకా, నిన్నటి నుంచి.

పొద్దున మేనేజరు కాగితం ఇచ్చినాడు:
ఎవరు ఏ ఫోల్డరు చూడాల, ఎవరు చూడకూడదు.
నూట పద్దెనిమిది ఫోల్డర్లు.
ఒక్కొక్కటీ చేత్తో మార్చుకుంటా పోతే
సీజనే అయిపోతాది.
అందుకని స్క్రిప్టు రాస్తా ఉండా, పద్నాలుగు వరసలు.

కంప్యూటరు లెక్కలో మనుషులు మూడే రకాలు:
సొంతదారు, జట్టు, ఇతరులు.
హక్కులూ మూడే. చదవడం నాలుగు,
రాయడం రెండు, నడపడం ఒకటి.
ఫోల్డరుకైతే నడపడమంటే
గడప దాటి లోపలికి రావడం.
సొంతదారుకి ఏడు. జట్టుకి ఐదు.
ఇతరులకి సున్నా.

ఇతరులంటే ఎవరో స్క్రిప్టుకి తెలీదు.
కిటికీలోంచి నాకు కనిపిస్తా ఉండారు.
టైరుకి వీపానించి బీడీ కాలస్తా ఒకాయన.
లోడు మీదే దుప్పటి కప్పుకోని ఒకామె.
కాయల మీద పడుకుంటే నొప్పి కాదా అని
సాయంత్రం అడిగితే
"కాయలకి కాకుంటే చాలబ్బా" అనింది.

కాటా వాళ్లు తూకం రాయొచ్చు, రాసింది దిద్దకూడదు.
ల్యాబు వాళ్లకి పులుపూ తీపీ అంకెలు, అంతే.
రేటు ఫోల్డరు మేనేజరుకి, ఓనరుకి.
రేటు పొద్దునొకటి, మాపటికొకటి.
అది మారేది ఎవరికీ కనపడకూడదు,
మారినాక గేటు కాడ బోర్డు మీద సుద్దతో రాస్తారు.

ఎంటర్ కొడితే పరిగెత్తింది.
డీజిల్, సరే. డ్రమ్ములు, సరే. కూలీల హాజరు, సరే.
తొంబై ఒకటో దాని కాడ ఆగిపోయింది.
సొంతదారు పేరు దొరక్కపోతే ఆగమని
నేనే రాసింటి.

ఫోల్డరు పేరు: తరుగు.
సొంతదారు: 1047.
మనిషి ఖాతా తీసేస్తే
వాని ఫైళ్ల మీద ఇట్టా అంకె మిగిలిపోతాది.
పాత రిజిస్టరు తిరగేస్తే
1047, చెంగల్రాయులు, కాటా గుమాస్తా.
పోయిన సీజన్లో మాన్పించినారు.
ఎందుకని అప్పుడు నేను అడగలే.

నేను రూట్. రూట్ అంటే వేరు.
అందరికన్నా వేరు అని కూడా.
నాకు మూసుకునే తలుపు ఈ మిషన్లో లేదు.
మధ్యాహ్నం కార్డు మర్చిపోయొస్తే
వాచ్‌మన్ మునస్వామి అరగంట బయటే నిలబెట్టినాడు,
అది వేరే సంగతి.

తెరిచినా.
రోజుకొక షీటు. కాటా చూపించింది,
చీటీలో రాసింది, తేడా.
దొరవేలు, తవణంపల్లె: 4120, 3790, 330.
కాంతమ్మ, ఐరాల: 2860, 2630, 230.
కిందికి జరుపుతానే ఉండా.
చివరి షీటు అడుగున ఒక ముక్క:
"మా బామ్మర్ది లోడు కూడా. వానికీ చెప్పలేదు."

మేనేజరు కాగితం రెండు పక్కలా వెతికినా.
తరుగు అనే పేరే లేదు.
ఉందని ఆయనకి తెలీదు.
బకెట్ నిండితే పారబోసొచ్చి కూర్చున్నా.
మళ్లీ సగం నిండింది.

ఐదు ఐదు ఐదు, అని కొట్టినా.
ఎవరైనా రావచ్చు, చదవొచ్చు,
ఎవరూ దిద్దకూడదు.
నాతో సహా అని రాయాలనిపించింది గానీ
రూట్‌కి ఆ మాట పట్టదు.
స్క్రిప్టు తొంబై రెండుకి పోయింది.

అంతా అయినాక గుర్తొచ్చింది.
ఆ ఇతరుల్లో వీళ్లు లేరు.
ట్రాక్టరు మీదుండే వాళ్లకి
ఈ మిషన్లో ఖాతానే లేదు, సున్నా అయినా ఇయ్యడానికి.

నాలుగ్గంటలకి గేటు తీసినారు.
దుప్పటామె లోడు కాటా ఎక్కింది.
అంకెలు వెలిగే పెట్టె
ఎప్పుడూ లోపలి పక్కకే తిరిగుంటాది.
నేను గది బయటికొచ్చి, గుమాస్తా వెనక నిలబడి
కిటికీలోంచి గట్టిగా చదివినా:
మూడు వేల నాలుగు వందల అరవై.

గుమాస్తా తల తిప్పి చూసినాడు.
ఆమె చెవి కాడ కొంగు తీసి
"ఇంకొకసారి చెప్పబ్బా" అనింది,
"పెన్నుంటే ఇట్టియ్యి" అని
అరచెయ్యి చాపి.