ఏడు నిమిషాలకోసారి

ఏనుమాముల మార్కెట్ వెనక
మూతబడ్డ జిన్నింగు మిల్లు.
రేకుల కింద, పాత తూకపు బండల పక్కన,
మూడు జాకీల మీద నా ఇద్దరు కూర్చునే విమానం.
స్విచ్చు వేస్తే పంపు గుర్రుమంటది.
చక్రాలు మూడూ కడుపులకు ముడుచుకుంటయి,
ముల్లు వెయ్యి దగ్గర నిలబడుతది.
అప్పుడు గడియారం చూస్త.
తొమ్మిది వందలు. ఎనిమిది వందల యాభై.
ఏడో నిమిషానికి ఏడు వందలు.
పంపు మళ్లా గుర్రుమంటది,
రాత్రిపూట ఒంటికి లేచే ముసలోడి లెక్క.

ముప్పై నాలుగేండ్లు కాజీపేట లోకో షెడ్డుల
బ్రేకు సిలిండర్లు విప్పి బిగించిన చేతులివి.
కారితే మరక ఉంటది,
మరక ఉంటే దొరుకుతది.
ఇక్కడ కింద పరిచిన పేపరు ఐదు నెలలుగా పొడిపొడి.
ఆ పేజీల ఓట్లు అయిపోయి సర్కారు కూడా వచ్చింది.
నూనె దానిమ్మ గింజ రంగుల
గీతకు సరిగ్గా, వెంట్రుక మందం తగ్గలేదు.

కార్తీకంల ఎడమ సిలిండరు ఓ-రింగు మార్చిన.
అది నిజంగనే కోసుకపోయి ఉండె.
ఒక్క రోజు నిలబడ్డది ముల్లు.
మిగిలినయి కూడా పాతబడ్డయేమోనని
కుడిది విప్పిన, ముందుది విప్పిన,
మళ్లా ఎడమది.
అప్పటిసంది ఇదే ఏడు నిమిషాలు.

యాకమ్మను పిలిచిన.
నర్సంపేట రోడ్డు మీద జేసీబీలకు
హోసు పైపులు బిగించే దుకాణం ఆమెది.
విమానం చుట్టూ ఒకసారి తిరిగింది,
ఫొటో దిగలేదు.
"కిందికి కారుతలేదు గదా,
మరి లోపల్లోపలనే దాటుతాంది.
సిలిండర్లే దొంగలని నీకెవరు చెప్పిండ్రు?"

చక్రాలు దించి, పైపులు ఊడదీసి,
వాటి నోళ్లకు రెండు ఇత్తడి మూతలు బిగించింది.
స్విచ్చు వెయ్యమన్నది.
వెయ్యి.
బయట మిర్చి బస్తాలు దింపుతున్నరు.
ఘాటుకు ఆమె ఒకసారి, నేను మూడుసార్లు తుమ్మినం.
ఈసారి రెండో నిమిషానికే ఏడు వందలు.
చక్రాలు పక్కకు వేలాడుతున్నయి
వాటికేం సంబంధం లేనట్టు.

స్క్రూడ్రైవరు కొన పంపు ఒంటికి ఆనించి
పిడి చెవికి పెట్టుకొని విన్నది,
తర్వాత నా చెవికి పెట్టింది.
సన్నగ, ఈల.
ఐదు నెలలుగా ఇది ఇక్కడ పాడుతాంది,
నేను అక్కడ విప్పుతున్న.

వెనక్కి పోనియ్యని వాల్వు తెరిస్తే
బఠానీ అంత ఉక్కు గుండు.
అది కూర్చునే అంచు మీద
ఒక దూది పోగు,
కనురెప్ప వెంట్రుక అంత.
యాకమ్మ పైకి చూసింది.
దూలాలకు ఇంకా వేలాడుతున్నది
పాతికేండ్ల కిందటి పత్తి.
నేను కూడా పైకే చూసిన,
కొంచెంసేపు దూలాలనే తిట్టిన.
ఆమె ఏమనలేదు.
నా భుజం మీది గుడ్డను చూసింది.
పాత నూలు లుంగీ ముక్క.
ఓ-రింగు మార్చిన ప్రతిసారి
పైపు నోళ్లు దీంతోనే తుడిచిన,
శుభ్రం ఉండాలని.

గుండు కడిగి, అంచు కడిగి,
బుడగలు పోయేదాక నూనె ఆడించి
అద్దం మీద, ముల్లుకు ఎదురుగ, బాల్‌పెన్ను గీత పెట్టినం.
తెల్లారి చూస్తే గీతకు ఈవల, చీమ అడుగంత.
మధ్యాహ్నం రేకులు కాలినంక, గీతకు ఆవల.
భయపడి ఫోన్ చేస్తే నవ్వింది.
"ఎండకు నూనె పొంగుతది.
పొంగిందంటే ఎక్కడికీ పోతలేదన్నట్టే."

ఇత్తడి మూతలు రెండు, ఎనభై రూపాయలు.
విన్నందుకు ఏమీ రాయలేదు.

పోగును లాగుబుక్కుల టేపుతో అంటించి పక్కన రాసిన:
దొరికిన చోటు పంపు.
వచ్చిన చోటు, అని రాసి
పెన్ను మూత పెట్టి, మళ్లా తీసి
నా చెయ్యి, అని రాసిన.

ఆ రాత్రి చక్రాలు ముడిచి షెడ్డులనే పండుకున్న.
పంపు లేవలేదు.
నేను రెండుసార్లు లేచిన.